లోవలక్ష్మి పొట్టి మాటలు

సీతాఫల్‌మండిలో మేడ మీద రెండు గదుల వాటాలో ఉండే లోవలక్ష్మి అమెరికా డాక్టర్లను ఒక్కరినీ చూసి ఎరగదు గాని, వాళ్ళలో ఎవరికి జలుబు చేసిందో ఠక్కున చెప్పగలదు. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కాలికింద పెడల్ తొక్కుతూ, అక్కడ వాళ్ళు రోగుల గురించి చెప్పిన మాటల్ని ఇక్కడ టైపు చేయడం ఆమె ఉద్యోగం. ఆ రోజుల్లో కంప్యూటర్లు చదివినవాళ్ళకు హైటెక్ సిటీ దొరికితే, బీయస్సీ బోటనీ వాళ్ళకు ఈ మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ దొరికింది. పెడల్ నొక్కితే డాక్టరు మాట్లాడతాడు, కాలు తీస్తే ఊరుకుంటాడు. మగవాడి నోరు కాలితో మూయించే ఉద్యోగం ఇంకెక్కడా దొరకదని సూపర్‌వైజరు బ్యూలా మేడం ఆమె చేరిన రోజునే చెప్పింది.

డాక్టరు నోటి వేగం వేరు, మనిషి వేళ్ళ వేగం వేరు. మధ్యనున్న దూరాన్ని లోవలక్ష్మి పొట్టి మాటలతో పూడ్చుకుంది. నాలుగక్షరాలు కొడితే చాలు, ఈ రోగికి పడని మందులేవీ లేవన్న ఇంగ్లీషు వాక్యం మొత్తం తెర మీదికి వచ్చి కూర్చుంటుంది. పూర్వం కరణాలు గొలుసుకట్టు రాసేవారు. కలం ఎత్తకుండా ఊరి భూములన్నిటినీ ఒక్క కాగితంలోకి లాగేసే ఆ రాత, రాసినవాడికి తప్ప ఇంకొకరికి కొరుకుడు పడేది కాదు. కరణాన్ని ఉద్యోగంలోంచి తీసేయొచ్చు గాని, ఆ రాతను ఆయన చేతిలోంచి తీయలేరు. లోవలక్ష్మికి ఆ ధీమా లేదు. ఆమె విద్య సగం వేళ్ళలో ఉంటే, సగం తన పాత లాప్‌టాప్‌లో ఉండేది. నాలుగేళ్ళపాటు ఒక్కొక్కటే చేర్చుకుంది. మాట నమిలి మింగే ఒక డాక్టరు ఎప్పుడూ ఒకే ముక్తాయింపు చెప్పేవాడు. ఆ పేరా మొత్తానికీ ఆమె పెట్టుకున్న పొట్టి మాట ‘అత్త’. అత్తగారు అమ్మన్నమ్మ కూడా అలాగే మాట్లాడుతుంది మరి.

ఆ లాప్‌టాప్ లోవలక్ష్మి తన జీతంతో కొనుక్కున్నది. అది ముసలిదయింది. స్విచ్ నొక్కి పాలు కాచుకుని వచ్చేదాకా తెరుచుకునేది కాదు. ఆమె భర్త రాజబాబు ఒక కంపెనీలో కంప్యూటర్లు బాగుచేసే విభాగంలో పనిచేస్తాడు. విజయనగరం నుంచి వచ్చిన మనిషి, నెమ్మదస్తుడు. చాలాకాలంగా పట్టించుకోనివాడు ఒక ఆదివారం తనంతట తానే, “ఇవాళ దీనికి కొత్త విండోస్ ఎక్కించేస్తాను లోవా. గుర్రంలా పరిగెడతాది,” అన్నాడు.

తన పొట్టి మాటలు ఏమవుతాయని ఆమె అడిగింది. అన్నీ సీడీలోకి ఎక్కించాకే మొదలెడతానని ఆయన చెప్పాడు. మొగుడు ఆదివారం పూట తన పనికోసం కూర్చున్నాడు గదా అని ఆమె పొంగిపోయి నువ్వుగుండ వేసి బీరకాయ కూర వండింది. రెండుసార్లు టీ ఇచ్చింది. పాస్‌వర్డ్ అడిగితే చెప్పింది. తెర మీద ఆకుపచ్చ గీత పాకుతుంటే పక్కన స్టూలు మీద కూర్చుని, పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ సికింద్రాబాద్ స్టేషన్లో బండి కోసం కూర్చున్నట్టుంది అనుకుంది.

మధ్యాహ్నం ఆయన పెరుగు ప్యాకెట్టుకని కిందికి వెళ్ళాడు. యంత్రం తనంతట తానే ఆగి, మళ్ళీ మొదలయింది. నీలిరంగు తెర వచ్చింది. మధ్యలో ఒక పువ్వు బొమ్మ, దాని కింద ఇంగ్లీషులో పేరు. కల్యాణ్.

కల్యాణ్ ఆమె మరిది. తల్లితో పాటు మెట్టుగూడలో ఉంటాడు. లోవలక్ష్మి ఆ పేరు కింద తన పాస్‌వర్డ్ కొట్టింది. తప్పంది. నిదానంగా, ఒక్కో అక్షరమూ చూసుకుంటూ మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పే.

రాజబాబు వచ్చేసరికి ఆమె స్టూలు మీదే ఉంది. “ఇదెవరి పేరండీ?” అంది.

ఆయన పెరుగు ప్యాకెట్టు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డాడు. తమ్ముడికి పూణేలో ఉద్యోగం వచ్చిందని, ట్రైనింగుకి ఎవడి లాప్‌టాప్ వాడే తెచ్చుకోవాలంటున్నారని, అమ్మ పట్టుబట్టిందని, వాటిలో ఏది ముందు చెప్పాలో తేల్చుకోలేక మూడూ కలిపి చెప్పాడు. చెబుదామనే అనుకున్నాడట.

“ఎప్పుడు చెబుదామని?”

“అలాగంటావేటి? నువ్వు చేసేది ఇంట్లో కూచుని టైపు కొట్టడమే గదా. దసరాకి కొత్తది తెస్తాను.”

“నా పొట్టి మాటలేవి?”

ఆయన సీడీ పెట్టి వెతికాడు. ఫొటోలున్నాయి, ఉత్తరాలున్నాయి, గ్యాసు కనెక్షన్ కాగితం కూడా ఉంది. ఆమె చేర్చుకున్నవి మాత్రం లేవు. అవి ఆ టైపింగు ప్రోగ్రాం కడుపులో ఎక్కడో ఉండేవి. దాంతోపాటే పోయాయి. “ఫైళ్ళనుకున్నాను,” అన్నాడు. ఆ ఒక్కటి మాత్రం నిజమే. తెలియక చేసినదాన్ని ఆమె ఆ క్షణంలోనే మాఫీ చేసేసింది. తెలిసి చేసిందే మింగుడుపడలేదు. పొద్దుటినుంచీ తను ఇచ్చిన టీ తాగుతూ, తను చెప్పిన పాస్‌వర్డ్ కొడుతూ, తన పక్కనే కూర్చుని తన పేరు తీసేశాడు. అడిగి ఉంటే ఇచ్చేదాన్నా అని తననే అడిగి చూసుకుంది. తెలియలేదు. ఇక ఎప్పటికీ తెలియదు కూడా.

సాయంత్రం కల్యాణ్ మిఠాయి ప్యాకెట్టుతో వచ్చి ఆమె కాళ్ళకు దణ్ణం పెట్టాడు. “అన్నయ్య చెప్పాడు వదినా. నువ్వే నాకిచ్చీమన్నావంట. ఎవులిస్తారు చెప్పు ఈ రోజుల్లో?”

ఆమె మొగుడి వైపు చూసింది. ఆయన సీలింగ్ ఫ్యాన్ వైపు చూస్తున్నాడు.

“నేననలేదు కల్యాణ్,” అంది. “అయినా పట్టుకెళ్ళు. అందులో నాదేం మిగల్లేదు.”

కుర్రవాడి మొహం పాలిపోయింది. వద్దన్నాడు. ఆమే సంచీలో పెట్టి చేతికిచ్చింది. మిఠాయి ఒకటి నోట్లో వేసుకుని, బాగుందని కూడా చెప్పింది.

మర్నాడు లోవలక్ష్మి ఎంఎంటీఎస్ రైలెక్కి బేగంపేటలోని కంపెనీకి వెళ్ళి, ఇకనుంచి ఆఫీసులోనే కూర్చుంటానని సీటు అడిగింది. ప్రతి మాటా నిండుగా అక్షరం అక్షరం కొట్టుకుంటూ, నిన్న చేరిన పిల్లల కంటే వెనకబడింది. డాక్టర్లు ఆమెను దాటుకుని వెళ్ళిపోతుంటే మాటిమాటికీ కాలు తీయాల్సి వచ్చేది.

“ఏమైంది లోవా, చెయ్యి నొప్పా?” అని బ్యూలా మేడం వచ్చి అడిగింది.

“చెయ్యి బాగానే ఉంది మేడం. ఇంట్లో సిస్టమ్ మార్చారు.”

బ్యూలా మేడం మరి అడగలేదు. ఆవిడ కూడా సంసారమే చేస్తోంది. కొన్నాళ్ళపాటు గొంతు స్పష్టంగా ఉన్న డాక్టర్లనే ఈమెకు కేటాయించింది. లోవలక్ష్మి మళ్ళీ మొదటినుంచి పొట్టి మాటలు చేర్చుకోవడం మొదలుపెట్టింది.

రాజబాబు మాట తప్పలేదు. దసరాకి నిగనిగలాడే కొత్త లాప్‌టాప్ తెచ్చి, కుంకుమ బొట్టు పెట్టి, తెర తెరిచి చూపించాడు. మధ్యలో లోవలక్ష్మి అని ఉంది. చాలా బాగుందండీ అంది. పండగ వెళ్ళిన మర్నాడు టిఫిన్ డబ్బా సర్దుకుని మెట్లు దిగుతుంటే, కింద వాకిట్లో ఓనరమ్మ ఆపింది.

“ఏందమ్మా, ఇంట్ల కొత్త కంప్యూటర్ వచ్చెనంట గద? ఇగ గీ రైళ్ళల్ల తక్లీఫ్ ఎందుకు నీకు?”

“ఇంట్లో పని కుదరదు పిన్నిగారూ,” అంది లోవలక్ష్మి, చెప్పులు వేసుకుంటూ.

ఇప్పటికీ ఆ కొత్తదాన్ని రాజబాబే ఆదివారం ఆదివారం తెరిచి, దుమ్ము తుడిచి, కంపెనీవాడు పంపిన మార్పులన్నీ ఎక్కిస్తుంటాడు, ఆమెకు ఎప్పుడు కావలిస్తే అప్పుడు సిద్ధంగా ఉండాలని. వంటయ్యాక ఆమె వచ్చి నిలబడుతుంది.

“దాన్ని కాస్త పక్కకి జరపండి,” అంటుంది. “కంచాలు పెట్టాలి.”