మంత్రం కిందికి వస్తుందా, రాదా?

మా ఇంటి ఓనరు పిన్నిగారు మొన్న మంగళవారం పొద్దున కన్నుమూశారు. ఏలూరులో ఆవిడ ఇంటి పైవాటాలో నేనూ నా భార్య సుధా అద్దెకుంటున్నాం. కింద పనమ్మాయి కేక విని మేం దిగేసరికే అంతా అయిపోయింది. నిద్రలోనే గుండె ఆగిందన్నారు డాక్టరు గారు.

వచ్చిన చుట్టాలంతా ఆవిణ్ణి భర్తతో సమానంగా స్టీలు సామాన్ల కొట్టు నడిపిన మనిషిగా తలుచుకున్నారు. నిజమే. కానీ మాకు ఆవిడ జడ్జిగారు. ఎలాంటి కేసులకంటే, డ్రాగన్ నోట్లోంచి వచ్చే నిప్పు మంత్రం కిందికి వస్తుందా, రాదా అనేలాంటి వాటికి.

నవ్వొస్తే నవ్వండి గానీ, కాస్త చెప్పనివ్వండి. మేం నలుగురం ఆదివారం మధ్యాహ్నాలు ఒక ఆట ఆడతాం. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు కథ చెబుతుంటే, మిగిలినవాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని అందులో నడుస్తారు. గెలుపోటములు పాచికలు చెబుతాయి. కథ చెప్పేది నేను. సుధది దొంగ పాత్ర. కైకలూరులో రొయ్యల మేత కొట్టున్న శ్రీనుది గొడ్డలి పట్టిన యోధుడు. భీమడోలు నుంచి రైల్లో వచ్చే మాధవి టీచరుది పాటగత్తె. ఆ పాట వింటే పడిపోయినవాళ్లు లేస్తారు.

ఒక ఆదివారం శ్రీను "చచ్చాడ్రా!" అని గావుకేక పెట్టాడు. పిన్నిగారు కంగారుగా మెట్లెక్కి వచ్చారు.

"ఎవరండీ? ఎవరు పోయారు?"

"రాక్షసుడండి, పిన్నిగారూ" అంది సుధ.

ఆవిడ తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు. మా కథలో అప్పుడు డ్రాగన్ ఒకటి మంత్రాలు పారని గుహలోకి దూరింది. అక్కడ అది నిప్పు ఊదగలదా అని మేం కొట్టుకుంటున్నాం. పిన్నిగారు కాసేపు విని అడిగారు.

"ఊదాక దానికి ఆయాసం వస్తుందాండీ?"

"వస్తుందండి. కాసేపు ఆగితేగానీ మళ్లీ ఊదలేదు."

"అయితే అది దాని ఒంటి గుణమే. ఆయాసం ఎవరికొస్తే శక్తి వాళ్లది."

ఆ మాట మాకు చట్టమైపోయింది. ఆ తర్వాత ఆవిడ ఏ ఆదివారమూ మానలేదు. పాచికలు ముట్టుకునేవారు కాదు. చేగోడీల పళ్లెం మధ్యలో పెట్టి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేవారు. సందేహం వస్తే మాత్రం వేలెత్తేవారు. గబ్బిలం చీకట్లో ఎగరడం ఒంటి గుణమా, మంత్రమా? పాము కళ్లలోకి చూస్తే మనిషి కదల్లేకపోవడం ఏమిటి? తాడేపల్లిగూడెంలో పుట్టింటివాళ్ల పెళ్లికి వెళ్లి, వాసనతోనే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే వంటాయన్ని పట్టుకుని, "ఇది మీకు నేర్చుకుంటే వచ్చిందా, దానంతటదే వచ్చిందా?" అని అడిగి, ఆయన చెప్పింది మాకు మోసుకొచ్చారు.

అసలు గొడవ ఆ గుహలోనే వచ్చింది. శ్రీను యోధుడు దెబ్బలు తిని పడిపోయాడు. మాధవి పాట అందుకుంది. పాట మంత్రమే కాబట్టి ఇక్కడ పారదన్నాను. అంటే యోధుడు పోయినట్టే.

"పాట మంత్రమెలా అవుద్దిరా?" అన్నాడు శ్రీను.

"గొంతు నాదే కదండీ" అంది మాధవి.

నేను పట్టు వదల్లేదు. శ్రీను ఎన్నో ఏళ్లుగా ఆడుతున్న పాత్ర అది. వాళ్ల నాన్నగారు చనిపోయిన ఏడాదే మొదలుపెట్టి, ఆ ముసలి యోధుడికి ఆయన నడకా ఆయన మాటతీరూ ఇచ్చుకున్నాడు. శ్రీను పాచికలు బల్ల మీద పెట్టి, లేచి వెళ్లిపోయాడు. తర్వాత ఫోను ఎత్తలేదు.

"రూలు పుస్తకంలో ఏముందండీ?" అనడిగారు పిన్నిగారు.

"ఈ సంగతి అందులో లేదండి."

"మరి మీకెలా తెలిసింది?"

నేను ఊరికే పేజీలు తిప్పాను. "తెలీనప్పుడు వాయిదా వెయ్యాలండీ. ఆ యోధుణ్ణి అలా పడుకునే ఉండనివ్వండి, నేను కనుక్కుంటాను" అన్నారావిడ.

ఆ వారమంతా ఆవిడకి అదే పని. పక్కింటి చంటిపిల్లని ఒళ్లో వేసుకుని జోలపాడారు. పిల్ల నిద్రపోయింది. అదే రాగం మాటల్లేకుండా తీశారు. అప్పుడూ నిద్రపోయింది. "పాట కాదేమో, నా ఒళ్లు వెచ్చగా ఉందేమో" అని అనుమానపడి, మర్నాడు ఉయ్యాల్లో వేసి పాడారు. అయినా నిద్రపోయింది. శనివారం నాతో, "కైకలూరు వెళ్దాం పదండి. ఆ అబ్బాయిని అడక్కుండా తేల్చలేను" అన్నారు.

కొట్లో మమ్మల్ని చూసి శ్రీను మొహం తిప్పుకున్నాడు. కానీ పెద్దావిడ ఎండలో వస్తే ఏమంటాడు? సోడా తెప్పించాడు. "కొల్లేరు చూపిస్తారా?" అని ఆవిడ అడిగితే తెలిసినవాళ్ల పడవ మాట్లాడాడు.

ముక్కు కింద సంచులున్న గూడబాతులు నీటి మీద బరువుగా తేలుతున్నాయి. ఒకటి రెక్కలు బాదుకుంటూ, కాళ్లతో నీళ్లు తన్నుకుంటూ చాలా దూరం పరిగెత్తి, చివరికి లేచింది. పిన్నిగారు పడవ అంచు పట్టుకుని ముందుకు వంగారు.

"అంత ఒళ్లు గాల్లోకి లేవడం చూడండి! మంత్రమే అనిపిస్తుంది. కానీ ఎంత అవస్థ పడిందో!" అని, శ్రీను వైపు తిరిగారు. "బాబూ, మీ యోధుడికి పడిపోయాక చెవులు వినిపిస్తున్నాయా?"

శ్రీను ఆ పక్షి ఎగిరిన వైపే చూశాడు. "వినిపిస్తున్నాయండి" అన్నాడు. "నాన్నగారికి కూడా చివర్లో మా మాటలు వినబడ్డాయండి. చెయ్యి నొక్కేవారు."

పిన్నిగారు తలూపారు. "అయితే పాట టీచరుగారి గొంతుదే, మంత్రం కాదు. లేవడం యోధుడి ఓపిక, అదీ మంత్రం కాదు. గాయాలు మానడం మాత్రం ఒంటివల్ల అయ్యేది కాదు. అది మంత్రమే, అక్కడ పారదు. లేస్తాడు గానీ, దెబ్బలతోనే లేస్తాడు. సరేనా?"

"సరేనండి" అన్నాం ఇద్దరమూ.

మర్నాడు శ్రీను వచ్చాడు. మాధవి నిజంగానే పాడింది. యోధుడు లేచాడు. బయటికి మోసుకుపోతామని దొంగా పాటగత్తే అంటే, వద్దని గుహ వాకిట్లో గొడ్డలి ఆనించి నిలబడ్డాడు. వెనక తరుముకొచ్చే రాక్షసుల్ని ఆపుతూ శ్రీను పాచికలు వేస్తూనే ఉన్నాడు. మిగతా ఇద్దరూ కొండ దిగేదాకా నిలిచాడు. అప్పుడు పడిపోయాడు.

పిన్నిగారు కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఇప్పుడు పోయాడంటే ఒప్పుకుంటానండి" అన్నాడు శ్రీను. చేగోడీ తీసుకుని, కొత్త పాత్రకి పేరు ఆలోచించడం మొదలెట్టాడు.

ఆవిడ చివరిగా చేపట్టిన కేసు సుధ దొంగది. ఎదురుగా నిలబడి కూడా కనబడకుండా పోవడం నేర్పా, మంత్రమా? ఆవిడ పోవడానికి రెండు రోజుల ముందు సాయంత్రం నేను బట్టలు తియ్యడానికి డాబా మీదికి వెళ్తే, ఆరేసిన నీలంచీర వెనక నుంచి ఆవిడ గొంతు వినిపించింది.

"ఏవండీ, నేను కనబడుతున్నానా?"

చీర అంచు కింద ఆవిడ పాదాలు రెండూ స్పష్టంగా ఉన్నాయి.

"లేదండీ, పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ నవ్వు ఆపుకుంటున్నట్టు చీర ఒక్కచోట కదిలింది. అంతలో గాలి వచ్చి తాడు మీది బట్టలన్నీ ఒక్కసారి పైకి లేచాయి.