నూనె గొట్టంలో ఎర్ర పోగు

మా కారు ఇంజన్ కృష్ణా నది వారధి మీద ఆగిపోయిన రోజు వెనక సీటు నిండా చీరల మూటలున్నాయి. మంగళగిరిలో మాది నేత ఇల్లు. నాన్న ముందు నేసేవాడు, తర్వాత నేయించేవాడు. నేను నేయించి విజయవాడ షాపులకు వేస్తాను. ఆ మూటలు మోయడానికే నాన్న కొన్న తెల్ల అంబాసిడర్ అది. మూటల్ని ఆటోలో పంపించేసి, కారును తాడు కట్టి లాగించుకుని ఆటోనగర్ చేరాను. చూసిన ప్రతివాడూ ఒకటే మాట. "పాత ఇనుముకి ఇచ్చేయండి సార్." మూడో మనిషి కూడా అదే అనేసరికి నాకు మొండితనం వచ్చింది. ఎవరైనా వద్దంటే తప్ప నాకు ఏ పనీ చేయబుద్ధి కాదు.

ఆ వరసలో చివరి షెడ్డు ఒక ముసలి మేస్త్రిది. డెబ్బై దగ్గర పడ్డ మనిషి. చిన్నప్పుడు దివిసీమ వైపు కాలవ గట్ల మీద నీళ్లు తోడే డీజిల్ ఇంజన్లు బాగుచేస్తూ పని నేర్చుకున్నాడట. ఆయన బానెట్ ఎత్తి ఇంజన్ అంతా తడిమి చూశాడు. తర్వాత చేతులు తుడుచుకుంటూ అన్నాడు.

"బాడీ రాయిలా ఉందండి. ఇంజనే పోయింది. డీజిల్ ఇంజన్ ఏద్దాం. పాత వ్యానుది ఒకటి నా కాడే పడుంది, మొత్తం విప్పి కొత్తగా కడతాను."

"తిరుగుద్దా?" అన్నాను.

"తిరగాలండి," అన్నాడు. తర్వాత దాపరికం లేకుండా తన సంగతి చెప్పాడు. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఇంట్లో కూర్చున్న ఆ కొన్ని నెలల్లో గిరాకీ అంతా పక్క షెడ్లకు పోయింది. పెద్దాయన పని అయిపోయిందని వరసలో అందరూ అనుకుంటున్నారు. కళ్లు వచ్చాక ఆయన కట్టబోతున్న మొదటి ఇంజన్ ఇదే. "ఇది తిరిగితే నాలుగేళ్లు ఇక్కడే ఉంటానండి. తిరక్కపోతే షెడ్డు ఖాళీ చేసి మా ఊరెళ్లిపోతా."

నాకు ఆయన నచ్చాడు. సరేనన్నాను.

ఆ రెండు నెలలూ వారానికి మూడు రోజులు వారధి దాటి ఆ షెడ్డుకు వెళ్లాను. "మనిషికి గుండె మార్చినా ఇన్నిసార్లు ఆస్పత్రికి తిరగరు," అనేది మా ఆవిడ. వెళ్లి ఊరికే కూర్చోవచ్చు కదా, అది నావల్ల కాదు. మేస్త్రి ఇంజన్ విప్పుతూ ఒక్కో భాగాన్నీ గోనెపట్టా మీద పరుస్తుంటే, ఏది ఎక్కడిదో రేపు ఎలా తెలుస్తుందని నాకు ఒకటే గుబులు. మా ఇళ్లలో దేనికైనా రంగు పోగు కట్టి గుర్తు పెట్టుకుంటాం. ఏ పడుగు ఎవరి మగ్గానిదో, ఏ చీర ఏ షాపుకో పోగు రంగు చూసి చెప్పేస్తాం, చీటీ అక్కర్లేదు. మర్నాడు సంచిలో నాలుగు రంగుల నూలు వేసుకుని వెళ్లాను. నీళ్ల దారికి నీలం, డీజిల్ దారికి తెలుపు, నట్లకీ బోల్టులకీ పసుపు, ఇంజన్ ఆయిల్ పారే భాగాలన్నిటికీ ఎరుపు. అంతా కట్టాక ఆ గోనెపట్టా మా పెళ్లిళ్లలో పీటల ముందు సామగ్రి పరిచినంత ముచ్చటగా కనిపించింది.

మేస్త్రి చూసి నవ్వాడు. "నాకు నలభై ఏళ్లుగా ఇయ్యన్నీ ఎక్కడియో చెయ్యే చెప్తదండి. మీ సరదా మీది. బిగించేముందు మాత్రం ఒక్క పోగు ఉండకూడదు, మీరే ఇప్పాలి."

వాటిలో ఒక సన్నటి రాగి గొట్టం ఉంది. ఇంజన్ అడుగు నుంచి పైన వాల్వుల దగ్గరికి ఆయిల్ తీసుకెళ్లే గొట్టం. పైన కడితే నున్నగా జారిపోతోందని పోగును దాని లోపలి నుంచే దూర్చాను. ఎలా దూర్చానంటే, నోటితో పీల్చి. మగ్గం మీద అటూ ఇటూ తిరిగే నాడె కంట్లోంచి పోగును నోటితో పీల్చి లాగడం మావాళ్లకు పుట్టుకతో వచ్చే విద్య. డీజిల్ వాసన ముక్కుకెక్కింది కానీ పోగు వచ్చేసింది. అది కాస్త పొట్టిదయితే ఇంకో ముక్క ముడేసి లాగాను. నాన్న నేర్పిన ముడి. మగ్గం మీద పోగు తెగితే వేసే ముడి అది, దువ్వెనలాంటి అచ్చు పళ్లలోంచి కూడా తట్టుకోకుండా పోతుంది. మా ముడి ఎక్కడా తగులుకోదని మాకు గర్వం.

పనులు నెమ్మదిగా సాగాయి. సిలిండర్ల బోరు సాఫు చేయించడానికి ఇంజన్ బ్లాకు లేత్ దగ్గరికి వెళ్లొచ్చింది, కొత్త పిస్టన్లు, కొత్త బేరింగులు వచ్చాయి. ఇంజన్ కూర్చోవడానికి ఛాసిస్ మీద కొత్త దిమ్మలు వెల్డింగ్ చేశారు. డీజిల్ ఇంజన్ బరువెక్కువ కాబట్టి ముందు స్ప్రింగులు గట్టివి వేశారు. కొత్త ఇంజన్ నంబరు సి బుక్కులో ఎక్కించుకోవడానికి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు ఎండలో మూడు సార్లు నిలబడ్డాను. అదంతా చెప్పుకుంటూ పోతే నాకే విసుగు.

బిగించే రోజున కత్తెర పట్టుకుని పోగులన్నీ నేనే తీశాను. రాగి గొట్టం దగ్గరికి వచ్చేసరికి ఒక చివర పట్టుకుని లాగితే పోగు వచ్చింది. ఎంత వచ్చిందో చూడలేదు. గొట్టాన్ని నోటితో ఊదాను, రెండో వైపు గాలి తగిలింది. మేస్త్రి చెయ్యి చాపాడు.

"ఇది చూశారా?" అన్నాడు.

"చూశాను," అన్నాను.

ఆయన తీసుకుని బిగించాడు, పైన మూత కూడా వేశాడు.

చైన్ బ్లాకుకు వేలాడుతూ ఇంజన్ కారులోకి దిగుతుంటే వరసలో వాళ్లంతా పని ఆపి చూశారు. డీజిల్ గొట్టాల్లో గాలి తీసి, మేస్త్రి నన్ను తాళం తిప్పమన్నాడు. రెండుసార్లు ఊరికే గుర్రుమంది. మూడోసారి అందుకుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని ఆయన కళ్లు మూసుకున్నాడు. అలా చాలాసేపు విని నవ్వాడు. ఆ సంతోషం చూసి నాక్కూడా కడుపు నిండింది.

ఐదు రోజులు బండి బంగారంలా తిరిగింది. ఆరో రోజు వారధి దిగుతుంటే ఇంజన్ పైభాగం నుంచి టకటకమని చప్పుడు మొదలైంది. బెజవాడలోకి వచ్చేసరికి అది కీచుమనే అరుపయింది. షాపువాడు బయటికొచ్చి, "ఏంటండీ, కుట్టు మిషన్ పెట్టించారా?" అన్నాడు. అక్కడి నుంచి ఆటోనగర్ దాకా కోపంతో నా ఒళ్లు నా స్వాధీనంలో లేదు.

అప్పుడు టీ వేళ. వరస మొత్తం టీ బండి దగ్గరే ఉంది. మేస్త్రి గ్లాసు పట్టుకునే ఎదురొచ్చాడు. నేను కారు దిగీ దిగకముందే అనేశాను. "కళ్లు కనపడనప్పుడు ఇంట్లో కూర్చోవాలయ్యా! పదిమంది బండ్లతో ఆటలాడుకుంటారా?"

ఇంకా ఏవో అన్నాను. ఈ ఒక్కటి మాత్రం మాటకు మాట గుర్తుంది. ఆయన గ్లాసు పక్కన పెట్టాడు. "బండి ఉంచి ఎల్లండి బాబూ. ఇప్పి చూస్తాను," అన్నాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పుడు నా చేత పలక మీద రాయించినవాళ్లున్నారు. పలక మీద రాయడం వేరు.

మర్నాడు మధ్యాహ్నం ఫోను చేశాడు. "పైకి ఆయిల్ ఎళ్లే గొట్టంలో చెత్త అడ్డం పడిందండి. పైన తడి లేక అరిగింది. అరిగిన సామాను నేనే మార్చేశాను. నాదే పొరపాటు." ఆ మాట విని నాకు హాయిగా అనిపించింది, దాచడం ఎందుకు? వెళ్లి బండి తెచ్చుకున్నాను. పక్క షెడ్డు వాళ్లు అడిగితే, పెద్దాయన తప్పు ఒప్పుకున్నాడని చెప్పాను. విజయవాడ షాపుల్లో అడిగినా చెప్పాను. కొందరికి అడక్కపోయినా చెప్పాను.

తర్వాత ఆ ఇంజన్ ఏ రోజూ పేచీ పెట్టలేదు. చలికాలం పొద్దున్నే కూడా ఒక్క తిప్పుకే అందుకునేది. ఏడెనిమిది నెలలకు వాల్వుల సందు సరిచేయించాలని మళ్లీ ఆ షెడ్డుకు వెళ్లాను. సగం షెడ్డు పంక్చర్లు వేసే అతనికి ఇచ్చేసినట్టున్నారు, ముందంతా టైర్లు. మేస్త్రి లోపల ఒక్కడే ఉన్నాడు. గోనెపట్టా చుట్టి మూలన నిలబెట్టి ఉంది. మీ తర్వాత ఎవరూ ఇంజన్ ఇవ్వలేదండీ అని ఆయన అనలేదు. చూస్తే తెలుస్తూనే ఉంది.

పైమూత విప్పడానికి ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. వాటికి ఒక పక్క కాడ విరిగితే దారంతో చుట్టి కట్టాడు. దారం నల్లబడింది, అయినా మడతల్లో ఎరుపు తెలుస్తోంది. నేత ఇంట్లో పుట్టినవాడు తన నూలు రంగు పోల్చుకోలేకపోతే ఇంకేం పోల్చుకుంటాడు? నేను దగ్గరికి వెళ్లి చూశాను. ఆ దారం నడిమధ్యన చిన్న ముడి. నాన్న నేర్పిన ముడి.

"ఇది ఎక్కడిదండీ?" అన్నాను.

ఆయన స్పానర్ ఆపాడు. "తెలిసిందా?" అన్నాడు. "ఆ గొట్టం వంపులో ముడి పట్టేసిందండి. మీరు లాగితే తెగి సగమే వచ్చింది. పొడిగా ఉన్నప్పుడు గాలి పోతది. ఆయిల్‌లో నాని ఉబ్బేసరికి మూసుకుపోయింది. గట్టి నూలండి మీది, పారేయబుద్ధి కాలేదు."

"మరి ఆ రోజే నాతో చెప్పలేదేం? మీ పొరపాటన్నారేం?"

"మూత బిగించింది నేను కదండి. లోపల ఎవరు ఏది వదిలినా మూత బిగించినవాడిదే. మా పనిలో అంతే. ఎనకటి రోజుల్లో అయితే గొట్టం ఎలుగుకి ఎత్తి చూసేవోణ్ణి. మీరు చూశానన్నారు, నేను చూళ్లేదు." స్పానర్ మళ్లీ అందుకుంటూ అన్నాడు. "మీరన్న మాట కూడా అబద్ధం కాదులెండి."

నాకు సిగ్గేసింది. ఆయన మొహం చూడలేక బయటికొచ్చాను. టీ వేళే. టీ బండి దగ్గర నిలబడి, ఆ రోజు తిట్టినంత గట్టిగానే చెప్పాను, తప్పు నాదని, ఆ గొట్టంలో ఇరుక్కుంది నా పోగేనని, పెద్దాయన పనిలో లోపం లేదని. విన్నారు. ఒకతను, "పాత సంగతి ఇప్పుడెందుకు సార్," అని టీ ఇప్పించాడు. ఇంకొకతను, "పోన్లెండి, పెద్దమనసు మీది," అని మెచ్చుకున్నాడు కూడా. నా తిట్టు ఒక పూటలో ఆటోనగర్ అంతా తిరిగింది. నా ఒప్పుకోలు ఆ టీ బండి దాటలేదు. షాపుల్లో చెప్పాను, తెలిసిన బండ్లవాళ్లకు చెప్పాను. అందరూ అయ్యో అన్నారు. ఇంజన్ మాత్రం ఎవరూ పంపలేదు.

రెండు నెలల తర్వాత ఆయనే ఫోను చేశాడు. షెడ్డు ఖాళీ చేస్తున్నానని, సామాను ఊరికి చేర్చాలని, తెలిసిన ట్రాలీ అతను ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. నేనే వస్తానన్నాను. ఆయన వద్దన్నాడు. వద్దంటే నేను ఆగనని చెప్పాను.

స్పానర్ల పెట్టెలు డిక్కీలో పెట్టాం, చైన్ బ్లాకు వెనక సీటు కింద పెట్టాం. ఎప్పుడూ చీరలుండే సీటు మీద చుట్టిన గోనెపట్టా. ఆయన ముందు సీట్లో కూర్చున్నాడు. కరకట్ట మీదుగా దిగువకు వెళ్లాం. రెండు పక్కలా వరి కోతకు వచ్చి ఉంది. ఆయన తల కొంచెం ముందుకు వంచి, చెయ్యి డాష్‌బోర్డు మీద పెట్టి, దారి పొడుగునా ఇంజన్ వింటూ కూర్చున్నాడు.

వాళ్ల ఇంటి ముందు దిగాక బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. "ఎక్కడా చప్పుడు లేదు కదండి?" అన్నాడు.

"లేదండి," అన్నాను.

ఈ ఇంజన్ తిరిగితే ఆటోనగర్‌లోనే ఉంటానన్నాడు ఆయన. ఆయన్ని ఊళ్లో దింపేదాకా అది ఒక్కచోట కూడా ఆగలేదు.