ఒంటి తూటా తుపాకీ

ఆ రోజుల్లో నేను నందిగామలో ఓ ఎరువుల కొట్లో పనిచేసేవాణ్ణి గానీ, మనసంతా పాత తుపాకుల మీదే ఉండేది. దొరల కాలం నాటివి. కింద మీట దించితే వెనక చిన్న తలుపు తెరుచుకుంటుంది, అందులో ఒక్క తూటా పెట్టి పేల్చాలి, మళ్లీ మొదట్నుంచీ మొదలుపెట్టాలి. అలాంటివి పోగుచేసి గోడల నిండా తగిలించుకోవాలని ఆశ. అప్పటికి నా దగ్గర తుపాకులు లేవు. (గోడలున్నాయి, అవీ అద్దెవి.) పెళ్లి మాటెత్తితే "ముందు తుపాకీ, తర్వాతే పెళ్లి" అనేవాణ్ణి. ఈ మాట బయటెక్కడా అనొద్దని మా అమ్మ బతిమాలేది.

జగ్గయ్యపేటలో మా పెద్దనాన్న దగ్గర అలాంటిదొకటి, తాతల నాటిది, లైసెన్సుతో సహా ఉండేది. దానికి సరిపడే తూటా ఎక్కడా దొరకదని పేటంతటికీ తెలుసు. అయినా దాన్ని భుజాన వేసుకుంటే ఆయనకి పులిని కొట్టొచ్చినంత దర్జా. పిల్లల్లేరు గనక "లైసెన్సు నీ పేరుకే మార్పిస్తాలేరా" అని మాటిచ్చారు. నేను ఆ మాట మీదే బతుకుతున్నాను.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకోవాలి. ఆ ఏడు ఆయన వెంట నేనూ వెళ్లాను. ఎస్సైగారు "తెరిచి ఖాళీయేనని చూపించండి" అన్నారు. పెద్దనాన్న మీట దించబోతే కదల్లేదు. నేను వేలాడినా కదల్లేదు. "లోపలేముందో తెలీకుండా నేను తీసుకోనండి. రసీదు లేకపోతే లైసెన్సు రద్దవుద్ది" అన్నారు ఎస్సైగారు. రద్దయితే ఇక నా పేరుకి మారేదేముంది! పెద్దనాన్న తుపాకీ చేత్తో పట్టుకునే ఆయన్ని బతిమాలుతున్నారు. గొట్టం ఎటు తిరిగితే అటున్న కానిస్టేబుళ్లు బల్లల కిందికి వంగుతున్నారు. ఒకాయన బల్ల కిందనుంచే, టోపీ మాత్రం పైకి కనబడేలా మాట్లాడాడు.

ఇంట్లో దాన్ని తుడిచి దాచేది పెద్దమ్మే గనక, చివరికి ఆవిడకి ఫోన్ చేశాం. ఆటోలో వచ్చింది. "ఎవరూ లాగమాకండి" అని, ఎదుటి టీకొట్లోంచి మరిగే నీళ్లు తెప్పించి, గుడ్డ చుట్టి పోసింది. కాసేపాగి మీట దించితే మెత్తగా దిగింది. లోపల్నుంచి పసుపు పట్టిన వక్కొకటి ఎస్సైగారి బల్ల మీదికి దొర్లింది. "దసరాకి ఆయుధపూజ చేసి, ఖాళీగా ఉంచకూడదని పెట్టానండి. పైన కాస్త నెయ్యి రాశా, గట్టిపడినట్టుంది" అంది. ఎస్సైగారు నవ్వాపుకుంటూ రసీదు రాశారు.

బయటికొచ్చాక పెద్దనాన్న రసీదు మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత "ఒరే, ఇన్నాళ్లూ ఇది నాదనుకున్నా. దీని సంగతి మీ పెద్దమ్మకే తెలుసు. ఒంటిగాడివి, నీకిస్తే పాడుచేస్తావు. పెళ్లి చేసుకో, అప్పుడే మార్పిస్తా" అన్నారు. వారం తిరక్కుండా పెళ్లిచూపులకి బయల్దేరాను. (మా అమ్మ ఎస్సైగారి పేరు చెప్పి వేదాద్రి నరసింహస్వామికి కొబ్బరికాయ కొట్టింది.)

ఇప్పుడు లైసెన్సు నా పేరు మీదే ఉంది. పెద్దనాన్న, పెద్దమ్మ లేరు. తలుచుకుంటే బెంగగానే ఉంటుంది. నా సేకరణ ఆ ఒక్కదానితోనే ఆగిపోయింది. చుట్టాలకి చూపించేది నేను, నూనె రాసి తుడిచేది మా ఆవిడ. మొన్న ఎన్నికలకి స్టేషన్‌కి తీసుకెళుతుంటే గుమ్మంలోంచి "జాగ్రత్తండీ" అంది. పొంగిపోయి "నాకేమవుద్దే, ఖాళీదేగా" అన్నాను. "మీకు కాదు, దానికి. దేనికీ తగలనియ్యమాకండి" అంది. గది నిండా తుపాకులు కావాలన్న ఆ కుర్రాడికి, ఒక్క తుపాకీ వచ్చేసరికే ఇంట్లో తన స్థానం రెండోదైపోతుందని అప్పుడెవరైనా చెబితే నమ్మేవాడా!