వదిన పేరు మీద బండి

నా చేతిరాత కోడి గీరినట్టు ఉంటుంది. బడిలో చదివింది అరవం. తెలుగు అక్షరాలు ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నవి, ఒత్తులు దీర్ఘాలు తప్పిపోతాయి. మన సంగం పత్రిక చదివేవాళ్ళు మన్నించాల. పోయిన శుక్రవారం తెల్లవారుతుండగా మా వదిన పోయింది. పొల్లాచ్చి పక్కన మా టెంకాయ తోట నిలిచిందంటే ఆమె వల్లనే. ఆ మాట ఎవరో ఒకరు రాయాల కదా, అందుకని రాస్తుండాను.

మా అన్న పోయినాక తోట వదిన పేరుకు వచ్చింది. కాయలు మండీకి తీసుకుపోయేదానికి మాకు బండి లేదు. వ్యాపారే తన బండి తెచ్చేవాడు, తనే ధర చెప్పేవాడు. కాదంటే బండి తిప్పుకొని పోయేవాడు. కాయలు కుప్పలోనే మొలకెత్తేవి.

"వాడి బండి ఉన్నంతకాలం మన కాయకు వాడే మొగుడు" అనేది వదిన. ఒకరోజు నన్ను తోడు పిలుచుకొని కోయంబత్తూరు బయల్దేరింది. గాంధీపురంలో బస్సు దిగి షోరూముకు పోయినాము.

సేల్సు ఆయన చిన్న లోడు బండి చూపించి, సీటు కవర్లు, మ్యాట్లు, పాలిషు అన్నీ కలిపి ధర చెప్పినాడు.

"టెంకాయలకు సీటు కవరు ఎందుకు నాయనా? అవేమైనా పెండ్లికి పోతుండాయా?" అనింది వదిన. అన్నీ కొట్టేయించింది.

తరువాత ఫైనాన్సు ఆయన. తోట పత్రాలు చూసి తల ఊపినాడు. కాగితాలు మాత్రం నా ముందుకు నెట్టి, "ఐయా పేరులో తీసుకుందాం. అమ్మ జామీను సంతకం పెడితే చాలు" అన్నాడు. మొగుడు లేని ఆడమనిషి పేరుతో అప్పంటే పైవాళ్ళు ఒప్పుకోరంట. నేను పెన్ను అందుకున్నాను.

"పెన్ను కింద పెట్టు అబ్బయ్యా" అని, వదిన ఆయన వైపు తిరిగింది. "జామీనుకు నా తోట పనికొస్తుంది. బండి మీద నా పేరు పనికిరాదా?"

ఆయన తగ్గి, "సరే, ఈ రాయని కాగితాల్లో సంతకం పెట్టిపోండి. పైవాళ్ళను అడిగి మేమే రాసుకుంటాం" అన్నాడు.

"రాయని కాగితంలో సంతకం పెట్టేదీ, గోడ లేని బావి పక్కన పిల్లను ఆడించేదీ ఒకటే" అని వదిన కుర్చీలో కూచుండిపోయింది. మధ్యాహ్నం పెరుగన్నం పొట్లం అక్కడే విప్పింది. నాకూ పెట్టింది. నేను సిగ్గుతో గోడ వైపు తిరిగి తిన్నాను. వచ్చేపోయేవాళ్ళు ఏమని అడిగితే ఒక్కొక్కరికీ గట్టిగా చెప్పింది. ఇద్దరు ఆడవాళ్ళు "రేపు మాకూ ఇదే చెప్తారా?" అని ఆయన్ని నిలదీసినారు. సాయంత్రానికి మేనేజరే దిగివచ్చి, ఆమె పేరుతోనే అన్నీ రాయించి, చదివి వినిపించినాడు.

బండి ఇచ్చే రోజు మాల వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినారు. మేనేజరు కర్పూరం పళ్ళెం పట్టుకొని, "సుమంగళి ఎవరైనా వచ్చినారా?" అని నసిగినాడు. మాతో వచ్చిన మా అక్క కూడా వదిన కొంగు పట్టి వెనక్కి లాగింది.

"పోయినాయన దిగివచ్చి కంతు కడతాడా? కట్టే చెయ్యే తీసుకుంటుంది" అని వదిన హారతి తనే ఇచ్చి, తాళంచెవి తీసుకుంది.

ఆ తరువాత వ్యాపారి ధర తగ్గించి చెప్తే వదిన వాదించేది కాదు. కొంగుముడి విప్పి తాళంచెవి బయటికి తీసేది. ధర లేచేది. కంతులన్నీ తీరినాక ఆ ఫైనాన్సు వాళ్ళే ఫోను చేసి, ఇంకో అప్పు కావాలా అని అడిగేవాళ్ళు. "అప్పుడు మొగుడేడని అడిగినారు. ఇప్పుడు నేనెట్లుండానని అడుగుతుండారా?" అని నవ్వి పెట్టేసేది. తన కూతురికి బండి నడిపేది దగ్గరుండి నేర్పించింది.

మన వాళ్ళలో ఆడవాళ్ళు కాటికి రారు. శుక్రవారం పెద్దాయన ఒకరు, "శవం బండి పిలిపిస్తాం, నువ్వు ఇంట్లో ఉండు అమ్మణ్ణీ" అని వదిన కూతురితో అన్నాడు.

"అమ్మ బండి ఉండగా బాడుగ బండి ఎందుకు పెద్దనాయనా?" అని ఆ పిల్ల పోయి స్టీరింగు ముందు కూచునింది. వదినను ఎక్కించినారు గానీ, మనుషులు ఎవరూ ఎక్కలేదు. నేను పోయి ఆ పిల్ల పక్కన కూచున్నాను. ఆ మీద ఒక్కొక్కరుగా వెనక ఎక్కినారు. కాటి దగ్గర దించేటప్పుడు వదిన మీది తెల్లగుడ్డకు టెంకాయ పీచు అంటుకొని ఉండాది. ఎవరూ దులపలేదు.

ఆడపిల్ల కాటికి వచ్చింది తప్పని సంగంలో కొందరు అంటుండారంట. అనేవాళ్ళు నాకు రాయండి, ఆలస్యం చేయకుండా బిన్నా రాయండి. ఎదురుగా నిలబడితే నాకు నోరు రాదు. జాబు వస్తే మాత్రం జవాబు రాస్తాను.