నీళ్లు ముట్టని విచారణ

ఈరోజు ఎమ్మిగనూరు మగ్గాల వీధికి ఓ అధికారి వచ్చినాడు. సర్కారు సాయం ఎవరికి అవసరమో ఇంటింటా మాట్లాడి తెలుసుకుంటాడట. ఇండ్లు చూపించను వెంట పోయిన నన్ను, మధ్యలో నోరెత్తొద్దని వాకిట్లోనే నిలబెట్టినాడు.

నేతపని చేసే రంగమ్మ ఆయనకు చెంబుతో నీళ్లు తెచ్చింది.

"టైము లేదమ్మా. ఇంట్లో అంతా బాగున్నారా?"

"బాగుండామప్పా."

అంతే, జీపెక్కి పోయినాడు.

"మొగుడు పోయి నెల కాలేదు, మగ్గం మూలబడింది. బాగుండామంటావేమ్మా?" అని అరిచినాను.

"ఇంటికొచ్చిన మనిషి నీళ్లు తాగకముందే సావు మాట ఎట్ల సెప్పేదన్నా? ఆయప్పకు కీడు గదా. తాగినాక సెప్దామనుకుంటి."

చెంబు ఇంకా ఆమె చేతిలోనే ఉంది. ఆ ఇంటికి సాయం అక్కర లేదనే మాట ఈపాటికి కర్నూలు చేరి ఉంటుంది. గుక్కెడు నీళ్లకు తీరిక లేనివాళ్లు మన బతుకుల గురించి ఏం తెలుసుకుంటారు? మీరే చెప్పండి.