జిగురు వెయ్యని పలక

సకల పాఠక మహాశయులకు సాష్టాంగపడి క్షమాపణలు. ఒక పెద్దమనిషి గురించి రాయడానికి పెద్దలెవరూ దొరక్క, డిగ్రీ పుచ్చుకుని బండి మీద ఊరు తిరగడం తప్ప ఏ ఘనకార్యమూ చేయని నాబోటివాడు కలం పట్టినందుకు మన్నించండి. నవ్వకూడని చోట నవ్వు వస్తే అందుకు కూడా ముందే మన్నించండి. విషయం ఏంటంటే, పోయిన వారం మా పక్కింటి టీచర్ గారు పోయారు. మధ్యాహ్నం భోంచేసి కునుకు తీశారు, మళ్లీ లేవలేదు. సాయంత్రం పాలు పోసే ఆవిడ మా గుమ్మంలోకొచ్చి చెప్పింది. అప్పుడు వాన పడుతోంది.

మా నూజివీడు వైపు వేసవిలో ఎవరికీ మామిడిపళ్లకు లోటుండదు. టీచర్ గారి దగ్గర లెక్కలు నేర్చుకున్నవాళ్ల తోటలు ఆగిరిపల్లి దాకా ఉన్నాయి. వాళ్లు బండి మీద వచ్చేవారు, గేటు లోపల రసాల బుట్ట పెట్టేవారు, హారన్ కొట్టి వెళ్లిపోయేవారు. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చేసరికి బుట్టే ఉండేది. “పళ్లొస్తాయిరా, మనుషులు రారు,” అనేవారు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు చింతలపూడిలో ఉంటాడు. ఆ బుట్టల్లో సగం ఖాళీ చేసేవాణ్ని నేనే కాబట్టి, ఆ మాటలో నాకప్పట్లో దిగులేమీ కనపడలేదు.

ఒక గాలివానకు ఆవిడ పెరట్లో ముసలి మామిడిచెట్టు కూలిపోయింది. దాన్ని సామిల్లులో వెడల్పాటి పలకలుగా కోయించి, హాల్లో నేలకు పరిపిస్తానని పట్టుబట్టారు. మా వైపు మామిడి చెక్కంటే పళ్ల పెట్టెలకే.

“కాపురం ఉంటారా, లారీ ఎక్కి ఢిల్లీ వెళ్తారా టీచర్ గారూ?” అన్నాను.

“ముందు నీకు లేబులు అంటించి పంపిస్తాన్రా.”

పలకలు ఏడాది పాటు వసారాలో ఆరాయి. వడ్రంగి మేస్త్రి పాత గచ్చు మీద ప్లైవుడ్ పరిచి, పలకలకు మేకులతో పాటు జిగురు కూడా వేయాలన్నాడు. “ఇంత వెడల్పువి వానకి ఉబ్బుతాయండీ, ఎండకి ముడుచుకుంటాయి. మేకులొక్కటే అయితే వదులైపోయి, తొక్కినప్పుడల్లా కిర్రుమంటాయి.” జిగురు గన్ను నా చేతికిచ్చారు. పాము పాకినట్టు మెలికలు తిప్పుతూ పొయ్యాలి. పోశాను. “నీ దస్తూరీ కంటే ఇదే నయంరా,” అన్నారు టీచర్ గారు. దాన్ని మెచ్చుకోలుగానే స్వీకరించాను.

వీధి గుమ్మం లోపలి పలక వంతు వచ్చేసరికి ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు.

“దీనికి వద్దు.”

“ఏంటండీ?” అన్నాడు మేస్త్రి.

“మేకులు కొట్టు చాలు. కిర్రుమననీ.”

“నలుగురూ వింటే నా పేరు పోద్దండీ!”

“నలుగురు వస్తే కదయ్యా వినేది.”

“బెల్లు పెట్టించుకోవచ్చుగా టీచర్ గారూ,” అన్నాను.

“బెల్లు మోగితే బయట ఎవరో ఉన్నారని. ఇది మోగితే లోపలికొచ్చారని.”

జిగురు గన్ను పక్కన పెట్టి, మేస్త్రికి మేకుల డబ్బా అందించాను.

వేసవిలో ఆ పలక బ్రహ్మాండంగా పలికేది. నేను కావాలని రెండుసార్లు తొక్కేవాణ్ని.

“ఇద్దరొచ్చారా?” అని వంటింట్లోంచి కేక.

“ఒక్కణ్నేనండీ, భారీగా.”

తొలకరి పడగానే చెక్క ఉబ్బి, బిగుసుకుని, నోరు మూసుకునేది. వానాకాలమంతా ఆవిడ వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, వీధి వైపు తిరిగి బియ్యం ఏరుకునేవారు. ఏరిన బియ్యమే మళ్లీ ఏరడం నేను చూశాను. అందుకని ఆ నెలల్లో గేటు దగ్గరి నుంచే రాగం అందుకునేవాణ్ని. “చాల్లే, తెలిసింది, రా,” అనేవారు.

మృత్యువు కూడా ఆ పలక తొక్కే లోపలికి వెళ్లి ఉంటుంది. వానాకాలం కదా, వినపడి ఉండదు.

సమాధి రోజున బుట్టల వాళ్లందరూ వచ్చారు. ఎవరూ హారన్ కొట్టలేదు. చెప్పులు బయట విడిచి, హాలు నిండా నిలబడ్డారు. అందరూ ఆ పలక తొక్కుతూనే లోపలికొచ్చారు. అది ఒక్కరి గురించీ చెప్పలేదు.

ఆవిడకు నేను చేసిన సేవ అని చెప్పుకోవడానికేమీ లేదు. శవపెట్టె మోద్దామని వెళ్తే, పొట్టివాణ్నని పక్కకు నెట్టారు. ప్రార్థనలో పాట ఎత్తుకుంటే చరణం తప్పాను. నేను నిజంగా చేసింది ఒక్కటే, ఒప్పుకుంటున్నాను. ఆవిడ తమ్ముడు ఇంటి తాళంచెవి మాకిచ్చి వెళ్లిన మర్నాడు, మా అక్కను హెయిర్ డ్రయ్యర్ అడిగాను.

“నీకున్న నాలుగు వెంట్రుకలకి డ్రయ్యరెందుకురా?”

డ్రయ్యర్ తీసుకెళ్లి, తాళం తీసి, ఆ పలక పక్కన మోకాళ్ల మీద కూర్చుని అంచుల వెంట వేడిగాలి పట్టాను. బయట వాన కురుస్తూనే ఉంది. మధ్యలో డ్రయ్యర్ వేడెక్కి ఆగిపోతే, కాసేపు ఊరుకుని మళ్లీ పట్టాను. చాలాసేపటికి లేచి కాలు మోపాను. చిన్నగా, గొంతు సవరించుకున్నట్టు, కిర్రుమంది.

వంటింటి వైపు చూస్తూ ఆ పలక మీదే నిలబడ్డాను, చేతిలో డ్రయ్యర్ పూర్తిగా చల్లారేదాకా.