బుచ్చయ్య బెర్లిన్ దండయాత్ర

కోరుట్ల బుచ్చయ్య నోరు తెరిస్తే యుద్ధం మొదలైనట్టే. ఇంట్లో కాదు లెండి, రష్యాలో. హిట్లర్ సేనను తరిమిన మొదటి గార్డ్స్ ట్యాంకు సైన్యం చరిత్ర ఆయనకు కొట్టినపిండి. పెళ్లికి పోయినా అదే, పరామర్శకు పోయినా అదే.

మెట్‌పల్లిలో ఒక పెళ్లి దావతులో బగారన్నం గిన్నె దగ్గర తోపులాట చూసి పళ్లెం పక్కన పెట్టేశాడు.

"కుర్స్క్ కాడ మనోళ్లు వరుస మీద వరుస కందకాలు తవ్విండ్రు. గీడ ఒక్క వరుస లేకపాయె. బగార అయిపోదా మరి?"

అయిపోయింది కూడా. గార్డ్స్ అనే బిరుదు ఏ సైన్యానికిస్తారో పెళ్లికొడుకు తండ్రికి వివరించి వచ్చేసరికి బుచ్చయ్యకు పెరుగన్నమే మిగిలింది.

ఆ విద్యంతా అట్టలేని ఒక్క పుస్తకం చలవ. సిరిసిల్ల బస్సుకు కండక్టరుగా ఉన్న రోజుల్లో ఎవరో సీటు మీద మరిచిపోయారు. "మనిషి అచ్చి అడిగేదాంక చదువుత" అని మొదలుపెట్టాడు. ఆ మనిషి నలభై ఏళ్లుగా రాలేదు.

ఈ యుద్ధంలో అందరికంటే నష్టపోయింది లింగవ్వ. మస్కట్ ఎండల్లో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చిన ఆమె భర్త భీమయ్యకు కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు జగిత్యాలకు పోయి, నాలుగేసి గంటలు డయాలసిస్ మంచం మీద పడుకోవాలి. నిరుడు మొదటి సూదులకే "సచ్చినా మల్ల రాను" అని మొండికేశాడు. అప్పుడు స్నేహితుడు బుచ్చయ్య తోడు వచ్చాడు. సైన్యాన్ని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

"అన్నా, ఈయన రక్తం మిషిని తాగుతాంది, చెవులు నువ్వు తింటున్నవు," అనేది లింగవ్వ.

"ఓడర్ నది కాడికి అచ్చినం చెల్లె. బెర్లిన్ ఇంక మనకు కరీంనగర్ అంత దూరమే."

ఆ దూరం ఏడాదైనా తగ్గలేదు. ఒకనాడు బురద. ఒకనాడు డీజిలు రాలేదు. ఒకనాడు వంటవాడికి జ్వరం. బస్సెక్కగానే భీమయ్య "దాటిండ్రా?" అనేవాడు. "మంచం మీద పండు, చెప్త" అనేవాడు బుచ్చయ్య. నాలుగు గంటలు గడిచినా సైన్యం ఉన్నచోటే ఉండేది.

మొన్న సోమవారం నర్సు అనురాధ ఫోను చూసి నవ్వింది. "ఏప్రిల్ పదహారునాడే దండెత్తిండ్రు తాతా. మే రెండుకు బెర్లిన్ పడిపోయింది."

బుచ్చయ్య యుద్ధం వదిలేసి బస్సు టైం అడిగాడు. నలభై ఏళ్లలో అదే మొదటిసారి.

బుధవారం పొద్దున భీమయ్య మంచం దిగలేదు. "అయిపోయిందట గద. ఇగ నేను రాను."

వరసగా రెండుసార్లు డయాలసిస్ తప్పితే ప్రాణానికే ముప్పని డాక్టరు ఏనాడో చెప్పాడు. బుచ్చయ్య గడప దగ్గర పుస్తకం పట్టుకుని తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు. లింగవ్వ దాన్ని లాక్కుని తిప్పింది. చివరి పేజీలో బెర్లిన్ వీధుల్లో ట్యాంకుల బొమ్మ. అప్పుడర్థమైంది ఆమెకు, ఇన్నాళ్లూ ఆయన సైన్యాన్ని ఆపింది భీమయ్యను బస్సెక్కించడానికేనని. తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది. పుస్తకం మూసి చంకలో పెట్టుకుంది.

"గా పిల్లకేం తెల్సు? బెర్లిన్ల జొచ్చింది వేరే సైన్యం. మనది ఇంక ఒడ్డుకే ఉన్నది."

భీమయ్య భార్యను ఎగాదిగా చూశాడు. "నీకెట్ల ఎరుక?"

"ఏడాది సంది ఇంటున్న గద. లే, బస్సు పోతది."

ఆయన ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. మీసం కింద నవ్వు దాచుకుని అంగీ అడిగాడు.

జగిత్యాలలో సూదులు గుచ్చాక బుచ్చయ్య గొంతు సవరించుకున్నాడు. "నువ్వాగన్నా, నేను జెప్త," అని లింగవ్వ స్టూలు ముందుకు జరుపుకుంది. సైన్యం నది దాటకుండా ఆ ఒక్క పూటలోనే రెండు వంతెనలు కూలగొట్టింది.